ఇరవై లెక్కపెట్టిన మాస్టర్

ముందే చెప్పేస్తున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బు ఉంది. ఇంట్లో ఎలుక కనిపిస్తే నా నోట్లోంచి బయటికి వచ్చేసరికి అది పందికొక్కు అవుతుంది. వీధి చివరికి చేరేసరికి దాని మీద ఎవరో స్వారీ చేస్తుంటారు. నా భార్య అయితే నేను ఏ అంకె చెప్పినా సగం కొట్టేసి, మిగిలిన దాంట్లో మళ్లీ సగమే నమ్ముతుంది. మీరూ అదే కొలత పెట్టుకుని చదవండి. ఇందులో ఉబ్బించినవి చాలా ఉన్నాయి. కల్పించింది మాత్రం ఒక్కటే. అదేదో చివర్లో నేనే ఒప్పుకుంటాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది. సూరత్‌లో డిండోలి దాటాక ఒక సాంచాల షెడ్డుకు నేను మాస్టర్‌ని. సాంచా అంటే మరమగ్గం. నలభై ఎనిమిది సాంచాలు, వాటిని నడిపే మనుషులు, పడుగు, పేక, చమురు, ఎలుకలు అన్నిటికీ నేనే పెద్ద దిక్కు. అన్ని సాంచాలూ ఒక్కసారి ఆడుతుంటే పైన పోయే కాకి దారి మార్చుకునేది. పక్కనే నిలబడి అరిచినా మాట వినబడదు. అందుకని ఎవరితోనైనా మాట్లాడాలంటే బయట గేటు పక్కనున్న నీళ్ల డ్రమ్ము దగ్గరికి పిలుచుకుపోవాలి. మా షెడ్డులో తిట్లు, సెలవులు, పెళ్లి సంబంధాలు అన్నీ ఆ డ్రమ్ము దగ్గరే తేలేవి.

అక్కడ ప్రశ్న నాదే, జవాబూ నాదే. "ఏందిరా, దారం ఎందుకు తెగుతున్నది? సినిమాకు పోయి వచ్చినవ్ గదా, కండ్లు మూతలు పడుతున్నయ్ గదా, పో, మొకం కడుక్కొని పో." ఒక్క ఊపిరిలో విచారణ, సాక్ష్యం, తీర్పు అయిపోయేవి. ఎదుటివాడు తెరిచిన నోరు మూసుకుని లోపలికి నడిచేవాడు. సూరత్ మొత్తంలో ఇంత చురుకైన కోర్టు ఇంకొకటి లేదని నాకు గర్వంగా కూడా ఉండేది.

ఇంట్లోనూ అదే కోర్టు.

మాకు ఒక్కతే బిడ్డ. పుట్టేటప్పుడు మెదడుకు గాలి చాల్లేదన్నారు డాక్టర్లు. కాళ్లు బిగుసుకుపోతాయి. చేతులు తనవే అయినా చెప్పిన మాట వినవు. మాట అయితే గొంతులో బయలుదేరి పెదవుల దాకా రావడానికి, రైలు సూరత్ నుంచి వరంగల్ చేరినంత సేపు తీసుకుంటుంది. అప్పటికి దానికి ఎనిమిదేళ్లు. ఆ ఎనిమిదేళ్లూ దాని తరఫున మాట్లాడింది నేనే. "ఏం తింటవ్ బిడ్డా? అరటిపండా? అరటిపండే గదా" అని తొక్క తీసి నోట్లో పెట్టేవాణ్ని. చుట్టాలు వస్తే "మా బిడ్డకు అరటిపండంటే పానం" అని చాటేవాణ్ని. వాళ్లూ పాపం చేతులూపుకుంటూ రాలేక డజన్లకు డజన్లు తెచ్చేవాళ్లు. నవ్‌సారి తోటల్లో సగం నవాగామ్‌లోని మా ఒక్క గదిలోనే ఖర్చయ్యాయి.

మాట నేర్పే ఒక గుజరాతీ బెన్, అంటే అక్క, దగ్గరికి వారానికి రెండుసార్లు తీసుకుపోయేవాణ్ని. ఆమె పెన్సిల్లా సన్నగా ఉండేది, కానీ ఒక చూపు చూస్తే ఆడుతున్న సాంచా కూడా ఆగిపోతుందనిపించేది. మొదటిరోజు బిడ్డను "నీ పేరేమిటి?" అని హిందీలో అడిగింది. నేను చెప్పాను. "ఎన్నేళ్లు?" నేను చెప్పాను. "ఏ రంగు ఇష్టం?" అదీ నేనే చెప్పాను. ఆమె కలం కింద పెట్టి, "భాయ్, మాట రానిది పిల్లకా, ఆగనిది మీకా?" అంది.

తర్వాత మందు రాసిచ్చినట్టు ఒకటే మాట చెప్పింది. "ప్రశ్న అడగండి. అడిగి, మనసులో ఇరవై దాకా లెక్కపెట్టండి. మధ్యలో మీరు జవాబు చెప్పొద్దు, తలూపొద్దు, పెదవులు కదపొద్దు. ఒక మాట వచ్చాక కూడా వెంటనే మీద పడొద్దు. దాని వెనక ఇంకొకటి ఉండొచ్చు."

ఇరవై అంకెలే కదా, లక్షల మీటర్ల బట్ట లెక్కపెట్టిన మాస్టర్‌ని నేను అనుకున్నాను. ఆ సాయంత్రం ఇంట్లో అరటిపండు చేతిలో పట్టుకుని, "ఏం తింటవ్ బిడ్డా?" అని అడిగి మొదలుపెట్టాను. ఏడు దగ్గర నాలుక దురద పెట్టింది. పదకొండు దగ్గర చెమట పట్టింది. పదిహేను దగ్గర, మూలన కూర్చుని చీరకు చమ్కీలు అంటిస్తున్న నా భార్య చెయ్యి ఆపి, నాకు పక్షవాతం గాని వచ్చిందా అని చూసింది. పద్దెనిమిది దగ్గర బిడ్డ గొంతు కదిలింది.

"కేళా..."

సూరత్‌లో పెరిగిన పిల్ల కదా, దానికి అరటిపండు ఎప్పుడూ కేళానే. నా చెయ్యి అప్పుడే తొక్క తీయబోయింది. బెన్ చూపు గుర్తొచ్చి ఆపేశాను.

"...వద్దు."

"ఈ పూటకు వద్దా బిడ్డా?" మళ్లీ ఇరవై.

"ఎన్నడు... వద్దు."

ఎనిమిదేళ్ల అరటిపళ్లు నా కళ్ల ముందు వరసకట్టి నిలబడ్డాయి. "మరి ఇన్నేండ్లు చెప్పకపోతివేంది?" అన్నాను. ఈసారి ఇరవై సరిపోలేదు. ముప్పై దాటింది. దాని మెడ వంగింది, చెయ్యి గాల్లో తిరిగింది, ముఖమంతా ఆ మాటను మోసుకొచ్చే పనిలో పడింది.

"నువ్వే... అడుగుతవ్. నువ్వే... చెప్తవ్."

నా భార్య నవ్వడం మొదలుపెట్టి, చమ్కీల డబ్బా బోర్లించి, కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. "నీ నోరు ఆగితే గదయ్యా, పిల్ల నోరు తెరిచేది" అంది కొంగులోంచే. నేను మాత్రం చేతిలోని అరటిపండు పక్కన పెట్టేశాను. మా గదిలో ఎనిమిదేళ్లుగా నిండు మనిషి ఒకతి ఉంది. ఆమెకు ఇష్టాలున్నాయి, కోపాలున్నాయి, నా మీద ఒక అభిప్రాయం ఉంది. తలుపుకు నేనే వీపు ఆనించి నిలబడి, తలుపు తెరుచుకోవడం లేదని ఇన్నేళ్లూ ఏడ్చాను.

ఆ తర్వాత వారంలో తెలిసినవి చెబితే ఈ కాగితం చాలదు. నీలం గౌను గుచ్చుకుంటుందట. పక్కింటి మేకకు నాకంటే తెలివెక్కువట. నేను పాడితే చెవి నొప్పి పెడుతుందట, కానీ ఆపొద్దట, ఎందుకంటే అమ్మ నవ్వుతుందట. ఒక్కో వాక్యానికీ నేను ఇరవై అంకెల దూరం నడిచి వెళ్లాను. ఏ ఒక్కసారీ ఉత్త చేతులతో తిరిగి రాలేదు.

ఈ లెక్కపెట్టే జబ్బు ఒకసారి అంటుకున్నాక ఇంటికీ షెడ్డుకూ తేడా ఏముంటుంది? ఒకరోజు నీళ్ల డ్రమ్ము దగ్గర ఒకడిని "సాంచా ఎందుకు ఆగింది?" అని అడిగి, అలవాటుకొద్దీ మనసులో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. వాడు నా ముఖం చూశాడు. ఎనిమిదికి వాడి మెడ మీద చెమట కనిపించింది. పన్నెండుకు, "నిన్న మీ టిఫిను డబ్బల పచ్చడి తిన్నది నేనే మాస్టర్" అన్నాడు. ఇరవైకి, సాంచా ఆగింది బెల్టు వదులై అని, ఆ సంగతి మూడుసార్లు చెప్పబోతే నేను మూడుసార్లు సినిమాకు పోయావని తిట్టానని చెప్పాడు. నెల తిరగకుండా నాకు షెడ్డు గురించి పదేళ్లలో తెలియనివన్నీ తెలిశాయి. లోపల మాత్రం వేరే పుకారు నడిచింది. "మాస్టర్‌కు గాలి సోకిందట", "కాదురా, మౌనవ్రతం పట్టిండట, ఊకె ఉంటడు, మనమే కక్కేస్తం".

అదే రోజుల్లో ఇంకో డాక్టరు, బిడ్డను రోజూ గంటసేపు నిలబెట్టాలన్నాడు. బెల్టులున్న చెక్క స్టాండు వడ్రంగితో చేయించాను. అందులో నిలబెట్టి నడుముకూ మోకాళ్లకూ బెల్టులు కడితే, ఎనిమిదేళ్లుగా అందరి నడుములనే చూసిన పిల్ల మొదటిసారి ముఖాలు చూసింది. అయితే ఆ స్టాండు మా గదిలో పెడితే మేం ముగ్గురం వీధిలో నిలబడాలి. షెడ్డు వాకిలి అవతల నూలు గోడౌన్ ఉంది, అక్కడ మోత తక్కువ. సగం సగం ఖాళీ అయిన నూలు డబ్బాలు ఎనిమిదింటిని కలిపి నాలుగు చేసి, ఆ మూలన చోటు చేశాను. రోజూ మూడింటికి బండి మీద బిడ్డను తెచ్చి అక్కడ నిలబెట్టేవాణ్ని. వాకిట్లో పోయేవాళ్లందరినీ అది రాణిలా చూస్తూ ఉండేది.

రెండు నెలలకు పల్సానాలోని రంగుల మిల్లు నుంచి మా బట్ట వెనక్కి వచ్చింది. రంగు వేశాక బట్ట నిండా అడ్డంగా పట్టీలు. ఒక చోట ముదురు, ఒక చోట లేత. షెడ్డు యజమాని సేఠ్ ఆ తానులను ఆఫీసు నేల మీద పరిపించి నన్ను పిలిచాడు. ఆయన మాటల్లో హిందీ సగం, గుజరాతీ సగం. ఇక్కడ తెలుగు చేస్తున్నాను.

"ఇవన్నీ ఏ వరసవి?"

"చివరి వరస, సేఠ్."

"ముసలాయనదే కదా. చూపు పోయి ఉంటుంది. సోమవారం నుంచి రావద్దని చెప్పు. రేపు సాయంత్రంలోగా చెప్పేసెయ్."

చివరి వరస కాకాది. ఉన్ అనే బస్తీ నుంచి సైకిల్ మీద వస్తాడు. మా ఊళ్ల వైపు మనిషే, నాకంటే పదిహేనేళ్లు పెద్ద. రోజుకు మూడు మాటలు మాట్లాడితే అందులో రెండు సాంచాతోనే. ఈ వయసులో ఇక్కడ తీసేస్తే ఇంకో షెడ్డు గేటు ఆయనకు తెరుచుకోదు. ఆ సంగతి సేఠ్‌కు తెలియకపోయినా నాకు తెలుసు. వార్త నాకంటే ముందే లోపలికి చేరింది. "కాకా కండ్లకు మబ్బు పట్టింది మాస్టర్, పట్టీలు పడక ఏం పడ్తయ్" అని ఒకడు అననే అన్నాడు.

కాకాను డ్రమ్ము దగ్గరికి పిలిచాను. పాత మాస్టర్ అయితే "కండ్లు కనబడుతలేవు గదా కాకా" అని మొదలుపెట్టి అక్కడే ముగించేవాడు. నేను, "ఈ పట్టీలు ఎట్ల వస్తున్నయ్ కాకా?" అని అడిగి ఊరుకున్నాను.

ఇరవై అయింది. ఆయన డ్రమ్ములో చెంబు ముంచి నీళ్లు తాగాడు. నలభై అయింది. లుంగీ విప్పి మళ్లీ కట్టుకున్నాడు. అరవై అయింది. ఒక ప్రభుత్వం పడిపోయి ఇంకొకటి వచ్చిందేమో కూడా, నేను చూసుకోలేదు.

"జర ఇట్ల రా" అన్నాడు.

తన వరస పక్కనే ఉన్న, పేక దారాన్ని కండెలకు చుట్టే మిషను దగ్గరికి తీసుకుపోయాడు. అక్కడున్న నూలు కోన్లు రెండు ఎత్తి, లోపలి అట్టగొట్టం చివరలు చూపించాడు. ఒకదానికి ఆకుపచ్చ గీత, ఒకదానికి నీలం గీత. మళ్లీ బయటికి వచ్చాక అన్నాడు, "ఒక్క డబ్బలకెల్లి రెండు రంగులు వస్తున్నయ్."

ఆ గీత నూలు లాటుకు, అంటే అది మిల్లులో ఏ విడతలో తయారైందో దానికి, గుర్తు. రెండు లాట్ల నూలు చూడ్డానికి కవలపిల్లల్లా ఉంటుంది. రంగునీళ్లలో పడ్డాక ఒకటి ఎక్కువ తాగుతుంది, ఒకటి తక్కువ తాగుతుంది. లాట్లు కలపొద్దని, పనిలో చేరిన ప్రతివాడికీ మొదటి రోజే నేను చెప్పే పాఠం. ఆ ఎనిమిది డబ్బాలు కలిపినరోజు వడ్రంగి స్టాండు దించి వాకిట్లో నిలబడ్డాడు. నేను లాటు నంబర్లు చూడలేదు. బిడ్డ ఎక్కడ నిలబడితే వాకిలి బాగా కనిపిస్తుందో అదే చూశాను.

"ఎన్ని దినాల సంది చూస్తున్నవ్ కాకా?"

"నెల దాటింది."

"మరి చెప్పలేదేంది?"

"చెప్పొచ్చిన ఒకసారి. నేను నోరు తెరవంగనే, 'సరే కాకా, పోయి ఛాయ్ తాగి రా' అన్నవు. పోయి తాగిన."

నవ్వొచ్చింది. జవాబు దొరికింది కదా అని లోపలికి తిరగబోయాను కూడా. అంతలో బెన్ మాట గుర్తొచ్చింది, ఒక మాట వెనక ఇంకొకటి ఉండొచ్చని. ఆగాను. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను. కాకా నా వైపు చూడలేదు. వాకిలి అవతల, గోడౌన్ గుమ్మంలో నిలబడి మమ్మల్నే చూస్తున్న నా బిడ్డ వైపు చూశాడు.

"పొల్ల నిలబడుతున్నది గదా" అన్నాడు. "డబ్బల సంగతి తీస్తే ఆ జాగ పోతది. నిలబడనీ అనుకున్న."

ఈ మాట నేను అల్లానని అనుకుంటారు. అంత చేతనైనవాణ్నయితే ఇంకా మాస్టర్‌గా ఎందుకుంటాను? రోజుకు మూడు మాటల మనిషి, నింద తన సాంచాల మీదికే వస్తుందని తెలిసీ, నెలరోజులు ఆ మాట నోట్లో పెట్టుకుని ఉన్నాడు. వాకిలి అవతల నిలబడ్డ పిల్లను నేను ఒక్కణ్నే చూస్తున్నాననుకున్నాను.

డ్రమ్ములో నీళ్లు తీసి ముఖాన చల్లుకున్నాను. ఇక వెనకాముందు చూడలేదు. ఛాతీ విరుచుకుని, నేల అదిరేలా అడుగులేస్తూ, అక్కణ్నుంచి నేరుగా సేఠ్ ఆఫీసుకు నడిచాను.

"సేఠ్, తప్పు కాకాది కాదు. లాట్లు కలిపింది నేను" అన్నాను. ఎందుకు కలిపానో కూడా చెప్పాను.

అలవాటుకొద్దీ నేనే లెక్కపెట్టాను. పందొమ్మిదికి ఆయన నోరు తెరిచాడు.

"ఇదే పని ఇంకొకడు చేసి ఉంటే నువ్వేం చేసేవాడివి?"

"పోయినేడు అయితే గేటు బయట నిలబెట్టేవాణ్ని."

"ఈ యేడు?"

"ఎందుకు చేశావని అడిగేవాణ్ని సేఠ్. అడిగి ఆగేవాణ్ని."

ఆయన నేల మీది పట్టీలను కాలి బొటనవేలితో కాసేపు రుద్దాడు, పోతాయేమో అన్నట్టు. "డబ్బాలన్నీ నువ్వే కూర్చుని వేరు చెయ్. ముసలాయన సాంచాల మీదే ఉంటాడు. ఆ చెక్క మాత్రం గోడౌన్‌లో ఉండడానికి వీల్లేదు. ఈ రోజే తియ్" అన్నాడు. నన్ను తీసెయ్యలేదు. ఆ దీపావళికి అందరికీ వచ్చిన మిఠాయి డబ్బా నాకు రాలేదు, అంతే. ఇరవై ఏళ్లయినా దాని రుచి నాకు తెలియదు కాబట్టి, ప్రపంచంలోకెల్లా గొప్ప మిఠాయి అదేనని చెబుతుంటాను.

స్టాండును కాకా ఒక కొన, నేను ఒక కొన పట్టుకుని బయటికి మోశాం. పెట్టడానికి మిగిలిన చోటు ఒక్కటే, నీళ్ల డ్రమ్ము పక్కన ఛాయ్ తాగే రేకుల పంచ. గోడౌన్‌లో ఒంటరిగా నిలబడే పిల్ల ఇప్పుడు షెడ్డు నడిబొడ్డున నిలబడింది. ఛాయ్‌కి వచ్చినవాళ్లను ఊరికే పోనిచ్చేది కాదు. ఒక మొరటువాణ్ని పట్టుకుని, "నీ... లగ్గం..." అని మొదలుపెడితే, గ్లాసులు పట్టుకున్న పదిమందీ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. వాడు "ఎప్పుడు అంటవా?" అనబోతే కాకా వాడి నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగురా. పిల్లను చెప్పనీ." చివరికి "...ఎందుకు... అయితలేదు?" అని వచ్చేసరికి ఛాయ్ చల్లారింది గాని నవ్వులకు పంచ రేకులు ఎగిరిపోయాయి. సేఠ్ కూడా ఒకరోజు దాని ముందు కారు తాళాలు ఆడిస్తూ ఆగాడు. తాళాల చప్పుడు కూడా ఆపేసి ఆగాడు. "సేఠ్... బటన్... ఖులా." ఆయన వంగి చూసుకుంటే చొక్కా బొత్తం నిజంగానే ఊడి ఉంది. పొద్దుటి నుంచి నలభైమంది చూశారు. చెప్పినది ఒక్కతే.

ఆ పంచలో ఆగడం నేర్చుకున్నవాళ్లు లోపల సాంచాల దగ్గరా ఆగడం మొదలుపెట్టారు. పాతవాడు కొత్తవాణ్ని తిట్టబోయి, మధ్యలో ఊరుకుని, వాడి ముఖం చూసేవాడు. అది నేను నేర్పింది కాదు. నేను నేర్పినవన్నీ అరుపులే. నలభై ఎనిమిది సాంచాల మోత మధ్య, మాట సరిగా రాని ఒక పిల్ల మా అందరికీ వినడం నేర్పిందంటే, ఇప్పటికీ నాకే నమ్మబుద్ధి కాదు.

ఇక ఒప్పుకోవాల్సింది ఉంది. కాకి దారి మార్చుకోలేదు. నవ్‌సారి తోటలు క్షేమంగా ఉన్నాయి. అవన్నీ ఉబ్బించినవి. కల్పించింది ఒక్కటే. డ్రమ్ము దగ్గర్నుంచి నేరుగా సేఠ్ ఆఫీసుకు నడిచాను అన్నానే, అది అబద్ధం.

ఆ రోజు నేను కాకాతో "చూద్దాం తీ కాకా" అని, బిడ్డను బండి మీద కూర్చోబెట్టుకుని ఇంటికి వచ్చేశాను. దారంతా ఒకటే ఆలోచన. కాకా కళ్లు నిజంగానే మసకబారుతున్నాయి కదా, ఇంకెన్నాళ్లు చేస్తాడు, రేపు ఒక్క సాయంత్రం గడిస్తే అన్నీ సర్దుకుంటాయి, స్టాండూ ఉంటుంది, నేనూ ఉంటాను. ఇంటికొచ్చి, తినకుండా అన్నం కలుపుతూనే కూర్చున్నాను. బిడ్డ నన్ను చూసి అడిగింది.

"ఏమైంది... బాపు?"

"ఏం లేదు బిడ్డా" అన్నాను.

అది నమ్మలేదు. మళ్లీ అడగనూ లేదు. రెండు చేతులూ ఒళ్లోకి లాక్కుని, వణుకుతున్న వేళ్లను ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది. ఒక వేలు విప్పడానికి దానికి నాలుగైదు ప్రయత్నాలు కావాలి. మొదట నాకు అర్థం కాలేదు. మూడో వేలికి అర్థమైంది. అది లెక్కపెడుతోంది. నా కోసం.

నా భార్య గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పది వేళ్లూ అయ్యాయి. పిడికిళ్లు మళ్లీ మూసి, మొదటి నుంచి విప్పడం మొదలుపెట్టింది.

ఇరవై దాకా ఆగే ఓపిక దానికి ఉంది. నాకు లేదు. పద్నాలుగో వేలికే చెప్పేశాను. ఆఫీసుకు నడిచింది మర్నాడు పొద్దున.